హాక్సా బ్లేడుకు అందని గ్యాపు

నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు రోడ్డు పక్క మెకానిక్ షెడ్డులో స్పార్క్ ప్లగ్గుల కోసం వెతికితే ముందు కళ్లబడేవి డీజిలు ఇంజన్లే. పొలాల్లో ట్రాక్టర్లు, రొయ్యల గుంటల దగ్గర జనరేటర్లు ఉన్న మండలమిది. గాలిని నొక్కిన వేడికే మండే డీజిలుకు ప్లగ్గు నిప్పుతో పనిలేదు. ప్లగ్గు అడిగేవి మోటారు సైకిళ్లు, ఆ తర్వాత పెట్రోలు కార్లు. అందుకే కాబోలు, నేను చూసిన షెడ్డులో బైకు వైద్యమే కారుకూ చేస్తున్నారు: ప్లగ్గు ఊడదీసి, ఎమెరీ కాగితంతో రుద్ది, హాక్సా బ్లేడు ముక్క దూర్చి గ్యాపు సరిచేయడం. దీన్ని నాటు పని అని తీసిపారేయలేం. బ్లేడు మందం సుమారు 0.65 మిల్లీమీటర్లు. కార్బురేటరు మారుతి 800 కోరింది 0.7 నుంచి 0.8. మైకో ప్లగ్గులు రాజ్యమేలిన కాలంలో ఆ తేడా పెద్దగా బాధించలేదు. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కార్లలో చాలావాటికి కావలసింది 1.0 నుంచి 1.1. ఎన్‌జీకే ప్లగ్గు నంబరు చివర 11 ఉంటే గ్యాపు 1.1 అని అర్థం. దాన్ని బ్లేడుకు సరిపెడితే ఐదింట రెండు వంతుల గ్యాపు పోయినట్టే. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ ఉన్న మిశ్రమాన్ని ఆ చిన్న నిప్పు ఒక్కోసారి అంటించలేదు. బండి ఐడ్లింగులో మిస్ కొడుతుంది.

అలాగైతే ఇంకాస్త వెడల్పు చేస్తే పికప్పు పెరగదా అంటారు. పెరగదు. గ్యాపు పెరిగేకొద్దీ దాన్ని దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, సిలిండరులో ఒత్తిడి పెరిగినా అంతే. నిండు బరువుతో యాక్సిలరేటరు తొక్కినప్పుడు రెండూ కలిసొచ్చి కాయిల్ మీద పడతాయి. పైగా ఎలక్ట్రోడు అరిగేకొద్దీ గ్యాపు దానంతటదే పెరుగుతుంది. సీఎన్‌జీ మిశ్రమానికి మామూలుగానే ఎక్కువ వోల్టేజీ కావాలి కాబట్టి ఆ కార్లలో వెడల్పు గ్యాపు మరీ చేటు.

నెల్లూరు ఎండలకు, వేడిని త్వరగా వదిలే చల్ల ప్లగ్గు వేయాలన్న వాదన వినడానికి బాగుంటుంది. కానీ సిలిండరులో మంట రెండు వేల డిగ్రీలు దాటుతుంది. బయట పది డిగ్రీలు ఎక్కువైతే దానికి లెక్కలోకి రాదు. ప్లగ్గు ముక్కు సుమారు 500 డిగ్రీలు దాటితేనే తన మీది మసిని తాను కాల్చుకుంటుంది; 850 దాటితే నిప్పుకు ముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం. ఊరి నుంచి గుంటలకు, గుంటల నుంచి ఊరికి గట్ల మీద మెల్లగా తిరిగే కారుకు మొదటి హద్దు అందడమే కష్టం. అక్కడ చల్ల ప్లగ్గు వేస్తే మసి ఇంకా పేరుకుంటుంది. ఎండను కాదు, బండి నడకను చూడాలి. అదీ కంపెనీ పుస్తకంలో ఇచ్చిన నంబరు దాటకుండా. ఇందులో ఇంకో చిక్కుంది. ఎన్‌జీకే, డెన్సోలలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లన. బాష్, ఛాంపియన్లలో అంకె పెరిగితే వేడి. బ్రాండు మార్చి అదే అంకె అడిగితే తప్పు ప్లగ్గు చేతికొస్తుంది.

ఖరీదైన ఇరిడియం ప్లగ్గు వేస్తే బలం వస్తుందన్నదీ సగం నిజమే. ఇరిడియం కరగడానికి 2,400 డిగ్రీల పైన వేడి కావాలి, నికెలుకు 1,455 చాలు. కాబట్టి ఆ డబ్బుతో కొనేది మన్నిక. సాధారణ ప్లగ్గుతో నడవాల్సిన ఇంజను దానితో గుర్రమైపోదు. దాని సన్నటి మొన మీద బ్లేడు ఆనించి వంచితే విరిగి, ఆ మన్నికా పోతుంది. వైరు గేజితో చూసి, తేడా ఉంటే మొనకు తగలకుండా పక్క ఎలక్ట్రోడునే కదపాలి.

అనుభవానికి విలువ లేదా అంటే, ఉంది. అది కొలతలో కాదు, ఊడదీసిన ప్లగ్గు రంగు చదవడంలో. లేత గోధుమ రంగుంటే ఇంజను బాగున్నట్టు. తెల్లబారి పొక్కులెక్కితే వేడి మించింది. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువైందో, ప్రయాణం చాలలేదో చూడాలి. నూనె తడి కనిపిస్తే రింగులో వాల్వు సీళ్లో అరిగినట్టు. అవి మార్చనంత కాలం ఏ నంబరు ప్లగ్గు వేసినా మళ్లీ తడుస్తూనే ఉంటుంది.