పరాయి కార్డు

మేమిద్దరం అక్కచెల్లెళ్ళం. ఒకరు చెప్తుంటే ఒకరు రాస్తాం. చిన్నప్పట్నుంచీ అంతే, ఇదీ అట్లాగే రాస్తున్నాం. అందుకే ‘నేను’ అనడం మాకు చేతకాదు.

మాది నిజామాబాద్ జిల్లా, ఆర్మూరు దగ్గర ఒక ఊరు. అబ్బాది సైకిల్ పంచర్ల దుకాణం. అమ్మీ బీడీలు చేసేది. రాత్రే తునికాకు తడిపి గోనెపట్టాలో చుట్టి పెట్టేది. ఫజర్ నమాజుకు లేచిందంటే చాట ఒళ్ళోకి వచ్చినట్టే. రేకు అచ్చు పెట్టి ఆకు కత్తిరించడం, తంబాకు వేసి చుట్టడం, దారం కట్టడం, ఇరవై అయిదేసి కట్టలు కట్టడం. మేం బడినుంచి వచ్చి కట్టలు లెక్కపెట్టేవాళ్ళం. మా ఎక్కాలు మేం నేర్చుకున్నది అక్కడే.

ఉర్దూ బడి మా ఊళ్ళో ఐదో తరగతితోనే అయిపోయింది. మగపిల్లలు మెకానిక్ షెడ్డుల్లో చేరారు. ఆడపిల్లలు చాట ముందు కూచున్నారు. మమ్మల్ని మాత్రం అబ్బా తీసుకెళ్ళి తెలుగు మీడియంలో వేశాడు. ఆయన చదివింది ఉర్దూ, అదీ కొద్దిగా. మమ్మల్ని ఎందుకు చదివించాలనుకున్నాడో చెప్పకుండానే పోయాడు. తెలుగు సారు మా కాపీ పుస్తకం ఎత్తి చూపించి, ‘తురకోళ్ళ పిల్లలైనా ఎంత ముద్దుగా రాస్తున్నారో చూడండిరా’ అనేవాడు. తరగతంతా చప్పట్లు కొట్టేది. మేం మురిసిపోయేవాళ్ళం. ఆ ‘అయినా’ మాకు చాలా ఏళ్ళదాకా వినపడలేదు.

కథలు రాయాలన్న పిచ్చి గ్రంథాలయంలో పట్టుకుంది. వారపత్రికలన్నీ అక్కడే నమిలేవాళ్ళం. ఆ కథల్లో మాకోసం వెతుక్కుంటే ఎవరు దొరికేవాళ్ళు? దొర కొడుకును కాపాడి ప్రాణం విడిచే నమ్మకస్తుడైన సాయిబు. సినిమాకు పోతే ‘నిమ్కి నమ్కి’ అంటూ నవ్వించే సాయిబు. అమ్మీలు, ఖాలాలు, ఫూఫీలు ఎక్కడా లేరు. మా ఇంట్లో ఉండేవాళ్ళు పుస్తకంలో ఉండరు, అది లోకరీతి కాబోలు అనుకున్నాం. ఇదేమిటని అడగాలని కూడా తోచలేదు.

అందుకే 1991లో మేం రాసిన మొదటి కథలో బీడీలు చేసే తల్లి పేరు పార్వతమ్మ. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, వాకిట్లో తులసిచెట్టు. మా ఇద్దరికీ కలిపి ఒక పేరు పెట్టుకున్నాం, శ్రీలత అని. కథ అచ్చయింది! మన పల్లె తల్లిని కళ్ళకు కట్టావమ్మా శ్రీలతా అని ఎవరో ఉత్తరం కూడా రాశారు. ఆ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదువుకున్నామో.

ఆ రాత్రి కరెంటు లేదు. కందిలి ముందు కూచుని కథను ఉర్దూలో అమ్మీకి చెప్పాం. చేతులు ఆపకుండానే వింది.

“ఎవరే ఈ పార్వతమ్మ? మన గల్లీల లేదు కదా?”

“నువ్వే అమ్మీ.”

చేతిలో బీడీ ఆగింది. “కైకు? నా పేరు మంచిగ లేదా?”

“అట్లయితేనే అచ్చేస్తరమ్మీ.”

అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బీడీకి దారం చుడుతూ అంది: “నాకంటే కార్డు లేదు. మీకేమైంది?”

కార్డు సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. బీడీ కంపెనీలో పేరుంటే కార్డు. కార్డుంటే పి.ఎఫ్. కమీషన్‌దారు కొత్త కార్డులు ఇవ్వలేదు. ఎన్నిసార్లు తిరిగినా వచ్చే ఏడు చూద్దామనేవాడు. అమ్మీ చేసిన బీడీలు పక్కింటామె కార్డు మీద పోయేవి. కూలి అమ్మీకి, పి.ఎఫ్. ఆమెకు. కూలిలోంచి కొంత ఆమెకు ఇచ్చుకోవాలి కూడా. ఆమె చెడ్డదేం కాదు, పండక్కి మాకు గాజులు కొనిచ్చేది. కానీ అమ్మీ చేసిన లక్షల బీడీల్లో ఒక్కటీ కంపెనీ లెక్కల్లో అమ్మీ చేసింది కాదు.

మేమూ పరాయి కార్డు మీదే రాశాం మరి.

ఆ మాట అన్నాక కూడా వెంటనే ఏమీ మారలేదు. శ్రీలతతో ఇంకో రెండు కథలు రాయించాం. 1992 డిసెంబరు 6 వచ్చింది. బాబ్రీ మసీదు కూలిన వారానికి, రోజూ కలిసి చదువుకునే స్నేహితురాలింటికి పోతే వాళ్ళమ్మ గడపలోనే నిలబడి, “కొన్నాళ్ళు రాకండమ్మా” అంది. శ్రీలత అయితే లోపలికి పోయేదే కదా! దార్లో ఇద్దరం అదే అనుకున్నాం. ఆ రోజునుంచి ఆ పేరంటే మాకు గిట్టలేదు.

అమ్మీ కథను మళ్ళీ మొదటినుంచి రాశాం. అమ్మీని అమ్మీ అనే రాశాం. కింద మా ఇద్దరి పేర్లూ పెట్టాం. కవరు డబ్బాలో వేసేముందు ఒకర్నొకరం చూసుకున్నాం, నువ్వెయ్యంటే నువ్వెయ్యని. కథ తిరిగొచ్చింది. ఉర్దూ మాటలన్నిటికీ బ్రాకెట్లలో అర్థాలు ఇవ్వాలని చీటీ పెట్టారు. ఇచ్చాం. అమ్మీ పక్కన బ్రాకెట్లో తల్లి. మా అమ్మీని ఒక బ్రాకెట్టు పక్కన నిలబెట్టి పరిచయం చేయాల్సి వచ్చింది. ‘కాఫీ’కి, ‘టేబుల్’కి బ్రాకెట్లు పెట్టమని ఎవరైనా అడిగారా ఎప్పుడైనా?

కథ పడింది. జుమ్మా నమాజు అయ్యాక పెద్దలు అబ్బాను పక్కకు పిలిచారు. ఆడపిల్లల పేర్లు పేపర్లకెక్కడమేంది అన్నారు. అప్పుడే అక్కకు సంబంధం చూస్తున్నారు. అబ్బా ఇంటికొచ్చి ఒక్క మాట అన్నాడు, “నక్కో.” అంతే, మానేశాం. అన్నం మానలేదు, ఎదురు తిరగలేదు. ఐదేళ్ళు ఒక్క అక్షరం రాయలేదు. గొప్పగా పోరాడామని చెప్పుకోవాలని ఉంటుంది గానీ, అబద్ధం. అటు మసీదు మెట్లు, ఇటు పత్రికాఫీసు మెట్లు. రెండు చోట్లా ఎవరో రమ్మనాలని చూస్తూ కూచున్నాం.

1998లో ‘జల్‌జలా’ వచ్చింది. ముస్లిం కవుల కవితలన్నీ ఒకచోట. నిజామాబాద్ బస్టాండులో కూచుని చదువుతుంటే రెండు బస్సులు పోయాయి. ఇంతమంది ఉన్నారా మనవాళ్ళు అనుకున్నాం. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లోనే వచ్చిందని అప్పుడే తెలిసింది. మేం శ్రీలతను కన్న ఏడాదే! ఆయన ఆ పని చేస్తున్నప్పుడు మేం తులసిచెట్టు నాటుతున్నాం.

అప్పటికి అక్కకు పెళ్ళయింది. రాస్తానంటే బావ, “రాసుకో, అందులో నన్ను మాత్రం పెట్టకు” అన్నాడు. (ఆయన మీద రెండు కథలున్నాయి. చదవడు కాబట్టి బతికిపోయాం.) మిగిలింది అబ్బా. దుకాణానికి పోయాం. ట్యూబును నీళ్ళ తొట్లో ముంచి బుడగలు ఎక్కడొస్తాయా అని చూస్తున్నాడు. కాళ్ళు వణికాయి మాకు. అయినా ఈసారి అడగలేదు, చెప్పాం.

“అబ్బా, మళ్ళ రాస్తున్నం.”

తల ఎత్తలేదు. బుడగ దొరికింది, అక్కడ వేలు పెట్టి పట్టుకున్నాడు.

“పేర్లు సరిగ్గ రాయమను. అప్పుడు చిన్నదాని పేరు తప్పు పడ్డది.”

తెలుగు చదవడం రాని మనిషి! ఎవరితో చదివించుకున్నాడో, ఎన్నాళ్ళు దాచుకున్నాడో. ఆయన పోయాక దుకాణం గల్లాపెట్టెలో సొల్యూషన్ డబ్బాల కింద ఆ కాగితం దొరికింది.

ఆ తర్వాత మాకు బ్రాకెట్లు లేవు. అర్థం కావడంలేదని అన్నవాళ్ళున్నారు. ఇంటికి రండి, అర్థమవుతుందన్నాం. కొందరొచ్చారు కూడా.

అమ్మీ కార్డు కథ మాత్రం అట్లాగే మిగిలింది. 2015లో తెలంగాణలో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలైతే, పి.ఎఫ్. ఉన్నవాళ్ళకే అన్నారు. పక్కింటామెకు వచ్చింది. ఆమె చేతివేళ్ళు నున్నగా ఉన్నాయి. అమ్మీ బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా చాచుకోదు. ఆ వేలు పట్టుకుని ఆఫీసులో చూపిద్దామా అనిపించింది. వేలును ఏ రిజిస్టరులో చూసుకుంటారు?

మొన్న ఆ పాత కథను, బ్రాకెట్లు తీసేసినదాన్ని, మళ్ళీ అమ్మీకి వినిపించాం. ఇప్పుడు చాట లేదు, ఖాళీ చేతులు. అయినా వింటున్నంతసేపూ వేళ్ళు కదులుతూనే ఉన్నాయి. అయిపోయాక మెచ్చుకుంటుందని చూశాం.

“రోజుకు వెయ్యి చేసిన్నని ఎందుకు రాసిన్రు? మీ ఇద్దరిని పెట్టుకుని వెయ్యి ఎట్ల చేస్త? ఎనిమిది వందలు. దిద్దున్రి.”

దిద్దాం.