మంచుగడ్డల సాక్ష్యం

రాయపూర్‌లో నీళ్ళు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరగవు. ఈ నగరం సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎత్తు పెరిగినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. అందువల్ల ఇక్కడ నీరు 99 డిగ్రీలకే మరుగుతుంది. ఆ ఒక్క డిగ్రీతో ఎవరికేమి పని అని అనిపించవచ్చు. మా బావగారి పెరట్లో దానితో పని పడింది.

ఆయన విద్యుత్తుతో నడిచే స్మోకర్ ఒకటి తెప్పించుకున్నారు. చిన్న బీరువా వంటి పెట్టె. అడుగున హీటరు, దానిపై రాజుకుంటూ పొగనిచ్చే చెక్కముక్కలు. మాంసంలో ప్రోబ్ అనే ఉక్కుపుల్లను గుచ్చి ఉంచితే, లోపలి వేడి ఎంతో బయట అంకెలలో కనిపిస్తుంది. కోడిమాంసంలో సాల్మొనెల్లా వంటి క్రిములు నశించాలంటే లోపలి భాగం 74 డిగ్రీలకు చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ నియమం.

ఆనాడు అంకె 75 చూపింది. బావగారు దించబోయారు. అక్కయ్య కోడి కాలు పట్టి కదిపి, "కీలు ఇంకా వదల్లేదండీ, కాసేపు ఉండనివ్వండి" అన్నది. వారి కూతురికి అప్పుడు ఏడో నెల. అలాంటి స్థితిలో ఉడకని మాంసం తల్లికీ, బిడ్డకూ కూడా ముప్పే.

కోసి రంగు చూస్తే తేలిపోతుంది గదా అనుకుంటాము. తేలదు. పొగలోని వాయువులు మాంసపు వర్ణకంతో కలిసి, పూర్తిగా ఉడికిన ముక్కకు సైతం గులాబిఛాయను మిగులుస్తాయి. కన్ను చెప్పలేని ఈ సంగతిని యంత్రమే చెప్పాలి. ఆ యంత్రం నిజం చెబుతున్నదా అన్నది ప్రశ్న.

మంచుగడ్డలు దంచి గ్లాసు నిండా పోసి, సందులు నిండేటంత నీరు పోసి కలిపాను. ప్రోబ్ కొన గాజుకు తగలకుండా మధ్యలో ఉంచాను. సున్నా చూపవలసినది 41 చూపింది! మరిగే నీటిలో 103. తప్పు ఒకచోట 41 డిగ్రీలు, మరొకచోట నాలుగే. మరిగే నీటితో మాత్రమే పరీక్షించి ఉంటే స్వల్పదోషమని సరిపెట్టుకునేవాళ్ళము. (1742లో సెల్సియస్ తన కొలమానానికి ఎంచుకున్నవి ఈ రెండు స్థానాలే, కాకపోతే ఆయన మరిగే నీటికి సున్నా, మంచుకు 100 ఇచ్చాడు. తరువాతివారు తిరగవేశారు.)

కారణం తేమ. ప్రోబ్ కొనలో ఉండే థర్మిస్టర్ వేడెక్కినకొద్దీ దాని విద్యున్నిరోధం తగ్గుతుంది. తీగ ఉక్కుపుల్లలోకి దిగే అతుకులో నీరు చేరితే విద్యుత్తుకు మరో దొంగదారి ఏర్పడి, నిరోధం ఇంకా తగ్గినట్లు కనిపిస్తుంది. యంత్రం దానిని వేడి అనుకుంటుంది. చల్లదనంలో థర్మిస్టర్ నిరోధం హెచ్చు గనుక అక్కడ ఆ దొంగదారి ప్రభావమూ హెచ్చే. ఇంత అని తీసివేసి సరిచూసుకోవడానికి వీలులేని తప్పు ఇది. ముందురోజు ఆ ప్రోబ్‌ను తీగతో సహా కుళాయి కింద కడిగారట.

ఇంట్లో మరో ఉష్ణమాపకం ఉన్నది. మంచులో సున్నా, మరిగే నీటిలో 99. దానిని తొడలో కండ మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చాము. 66! మరో అరగంటకు పైగా పొగలో ఉన్నాక గాని 74 దాటలేదు. ఈలోగా మా మేనకోడలు ఆకలికి ఆగలేక పెరుగన్నం తినేసింది.

తడిసిన ప్రోబ్‌ను బావగారు పారవేయలేదు. రోహిణీకార్తె ఎండలో రెండు రోజులు మేడమీద ఉంచారు. మూడోనాడు మంచులో ముంచితే 1 చూపింది. ఇప్పుడు దానిని తడిగుడ్డతో తుడవడమే గాని కడగడం లేదు.