దాచుకునే పిస్టల్‌కి సింగారం ఎందుకు?

“వెయ్యి చిల్లరకి వెనకాడి ప్రాణం మీదికి తెచ్చుకుంటావా వదినా? స్టాక్ గన్ పెట్టుకు తిరిగేవాళ్ళని నిన్నే చూశాను. పిసినారితనానికీ హద్దుండాలి.”

స్టాక్ గన్ అంటే ఏ పార్టూ మార్చకుండా ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచుకున్నది. మా మరిది ఈ మాట ఇంట్లో అనుంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో కార్తీక వనభోజనాలకి చేరిన జనం మధ్య, అందరికీ వినపడేలా అన్నాడు. పులిహోర వడ్డిస్తున్నావిడ గరిటె ఆపి మరీ నావైపు చూసింది. నేను పద్దులు రాసి బతికేదాన్ని. పదిమందిలో పడ్డ మాటకి నాకు చేతనైన జవాబు లెక్క ఒక్కటే. ఆ రాత్రే ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి అతని పద్దు ఒక పక్క, నా పద్దు ఒక పక్క రాయడం మొదలుపెట్టాను. ఆ లెక్క ఈమధ్యే తేలింది.

ముందు తుపాకీ సంగతి. 2023 మే 6న అలెన్ అవుట్‌లెట్ మాల్‌లో జరిగిన కాల్పుల్లో 8 మంది పోయారు. వాళ్ళలో ఒకరు మన తెలుగమ్మాయి, ఇంజనీరు. అంతవరకు తుపాకీని సినిమాల్లో తప్ప చూడని ఇళ్ళలో కూడా ఆ వేసవంతా అదే చర్చ. హెచ్‌వన్ మీద ఉన్నవాళ్ళకి అసలు ఆ ఆలోచనే అనవసరం. వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే, అలాంటి వీసా మీద తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. మాకు అప్పటికి గ్రీన్ కార్డులు వచ్చి ఉన్నాయి. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో అర్హత ఉన్నవాళ్ళు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకోవచ్చు. అయినా 40 డాలర్లు కట్టి లైసెన్సు తీసుకున్నాను. పక్క రాష్ట్రాలకి వెళ్ళినప్పుడు పనికొస్తుంది, ఆ వంకన ఒక క్లాసులోనూ కూర్చుంటాం. పెప్పర్ స్ప్రేతో సరిపెట్టుకోవచ్చు, అలారం పెట్టించుకోవచ్చు, ఏమీ కొనకుండానూ ఉండొచ్చు. ఇవి చెడ్డ దారులేం కావు, నేను వెళ్ళలేదంతే.

కొన్నది గ్లాక్ 43ఎక్స్, ఎంఓఎస్ రకం, అంటే రెడ్ డాట్ సైటు బిగించే వీలున్నది. గ్లాక్ 19 పిడి నా చేతికి లావైంది. 485 డాలర్లు, మా ఊరి 8.25 శాతం పన్నుతో 525. మా మరిది కూడా అదే నెలలో అదే కొన్నాడు. అందుకే ఈ పోలిక కుదిరింది. వస్తువొకటే, ధరొకటే, దుకాణమూ ఒకటే. కొన్నాక ఎవరి దారి వారిది.

అతను నాకు వాట్సాప్‌లో పంపిన జాబితా ఇంకా ఉంది. రెడ్ డాట్ 300, ట్రిగ్గర్ కిట్ 160, లైటు 130, 15 రౌండ్ల మ్యాగజీన్లు మూడు, ఒక్కోటి 45 చొప్పున 135, థ్రెడెడ్ బ్యారెల్, దాని మూతికి కాంపెన్సేటర్ కలిపి 260, పిడికి స్టిప్లింగ్, అంటే పట్టు కోసం గరుకు చేయించడం, 150. కూడితే 1,135. “వెయ్యి చిల్లర, అంతే వదినా” అన్నాడు.

అంతే కాదు. అప్‌గ్రేడ్ పార్టు ఒక్కటే రాదు, మగపెళ్ళివారిలా బలగంతో దిగుతుంది. అతనికి నచ్చిన రెడ్ డాట్ 43ఎక్స్ స్లైడు మీద నేరుగా కూర్చోదు. స్లైడు మీది పోస్టులు అరగదీయాలి, లేదా అడాప్టర్ ప్లేటు వేయాలి. అతను ప్లేటు వేయించాడు, 40. ప్లేటుతో డాట్ ఎత్తు పెరిగి పాత సైట్లు దాని వెనక మునిగిపోయాయి, పొడుగు సైట్లకి 90. ఆ 15 రౌండ్ల మ్యాగజీన్లు ఉక్కువి. గ్లాక్‌తో వచ్చే, మ్యాగజీన్‌ని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్యాచ్‌ని అవి అరగదీస్తాయని తయారుచేసినవాళ్ళే లోహపు క్యాచ్ మార్చుకోమంటారు, 25. లైటు బిగించాక పాత హోల్‌స్టర్‌లో పిస్టల్ దూరదు, కొత్తదానికి 95. బలగం ఖర్చు 250, మొత్తం 1,385. స్టిప్లింగ్ చేతికూలి పక్కన పెట్టి మిగతా 1,235 మీద పన్ను 102. వెరసి 1,487. పిస్టల్ ధర 525 కదా, దాని సింగారానికి 2.8 రెట్లు.

ఇంకో పద్దు అతను రాయనే లేదు. వెంట పెట్టుకునే పిస్టల్‌లో లోపలి పార్టు మారిస్తే దాన్ని మళ్ళీ మొదటినుంచి నమ్మాలి. నా లెక్కలో అందుకు కనీసం 300 మామూలు రౌండ్లు, ఇంట్లో లోడ్ చేసి ఉంచే హాలో పాయింట్ రౌండ్లు 50 కాల్చాలి. మొదటివి పావు డాలరు చొప్పున 75, రెండోవి డాలరు చొప్పున 50. మొత్తం 125. అతను ఒక డబ్బా కాల్చి సరే అనుకున్నాడు. ఆ డబ్బాలోనే మూడు నాలుగు చోట్ల స్లైడు సగంలో ఆగింది. కారణం పెద్ద రహస్యమేం కాదు. కాంపెన్సేటర్ మూతి దగ్గర గ్యాసుని పైకి వదిలి తుపాకీ ఎగరకుండా పట్టుకుంటుంది. ముందున్న ఆ బరువుకీ, ఆ గ్యాసు పోకకీ స్లైడు వెనక్కి వచ్చే ఊపు తగ్గుతుంది. చవకగా దొరికే 115 గ్రెయిన్ల రౌండ్లలో ఆ లోటు పూడ్చే జోరు ఒక్కోసారి ఉండదు. దుకాణంలో అడిగితే కాస్త ఘాటు రౌండ్లు వాడమన్నారు. అవి ఖరీదు. ఖరీదని రేంజికి వెళ్ళడం తగ్గించాడు. కాల్పు మెరుగవ్వాలని బిగించిన పార్టు చివరికి కాల్చడమే మాన్పించింది.

ఇక నా పద్దు. పిస్టల్ 525. ఫ్యాక్టరీ ప్లాస్టిక్ సైట్లు తీసేసి ట్రిటియం ఉన్న ఉక్కు సైట్లు వేయించాను, బిగింపు, పన్ను కలిపి 128. “అదీ అప్‌గ్రేడే కదా” అని మరిది ఎత్తిపొడిచాడు. అవును, అప్‌గ్రేడే. ఆ ప్లాస్టిక్ గీసుకుపోతుంది, చీకట్లో కనపడదు. ట్రిటియం అర్ధాయుష్షు 12.3 ఏళ్ళు, అంటే అప్పటికి వెలుగు సగమవుతుంది. ఆ గడువులోనే మొత్తం రద్దు రాసుకున్నా ఏడాదికి 10 డాలర్ల 41 సెంట్ల తరుగు. హోల్‌స్టర్, గట్టి బెల్టు 135, పన్నుతో 146. ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి చిన్న సేఫు 150. టెక్సాస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందేలా లోడ్ చేసిన తుపాకీ వదిలేస్తే అది పెద్దవాళ్ళ నేరం. అన్నట్టు 2021 నుంచి ఇక్కడ తుపాకీ సేఫులకి అమ్మకపు పన్ను లేదు, 12 డాలర్ల 38 సెంట్లు మిగిలాయి. లైసెన్సు 40, క్లాసు 150. మొత్తం 1,139.

మిగిలింది సాధన. నెలకి 100 రౌండ్లు, పావు డాలరు చొప్పున 25. రేంజిలో లేన్ అద్దె 20. నెలకి 45, ఏడాదికి 540, రెండేళ్ళకి 1,080. అన్నీ కలిపి నా ఖర్చు 2,219 డాలర్లు. మరిది ఖర్చు పిస్టల్‌తో కలిపి 2,012. నన్ను పిసినారి అన్నవాడికంటే నేను 207 డాలర్లు ఎక్కువే పెట్టాను! ఈ అంకె తేలిన రోజు భోజనం కాస్త ఎక్కువే తిన్నాను, దాచడమెందుకు.

పోయిన వేసవిలో ఇంటి డౌన్‌పేమెంటుకి చిల్లర కూడబెడుతూ మరిది ఆ పిస్టల్ అమ్మాడు. దుకాణంవాళ్ళు 330 ఇచ్చారు. స్టాక్‌గా ఉంటే ఇంకో పదో పాతికో వచ్చేవి. స్టిప్లింగ్ చేసిన పిడి వాళ్ళ దృష్టిలో దెబ్బతిన్న పిడి. ఒకరి వేళ్ళకి సరిపడా గరుకు చేయించింది ఇంకొకరికి గుచ్చుకుంటుంది, పైగా కంపెనీ వారంటీ కూడా అక్కడితో సరి. రెడ్ డాట్ విడిగా అమ్మితే 170, లైటు 80, ట్రిగ్గర్ 60. మొత్తం చేతికొచ్చింది 640. పోయింది 1,372, రెండేళ్ళకి పంచితే నెలకి 57 డాలర్లు. నా రేంజి ఖర్చుకంటే నెలకి 12 ఎక్కువ. అప్‌గ్రేడ్ మీద పెట్టిన ఆ 1,487నే రాత్ ఐఆర్ఏలో వేసి, ఏటా 7 శాతం పెరిగిందనుకుంటే, 18 ఏళ్ళకి 5,000 దాటేది. అతని పెద్దాడికి కాలేజీలో ఒక సెమిస్టర్ పుస్తకాలూ తిండీ వెళ్ళిపోయేవి.

నా డబ్బు మాత్రం ఎక్కడుంది అని అడగొచ్చు. రేంజి గచ్చు మీద ఇత్తడి తొడుగులుగా పోయింది, ఒక్క సెంటు తిరిగి రాదు. దానికి బదులుగా వచ్చినవి ఇవి. 7 గజాల దూరంలో 10 రౌండ్లూ అరచేయంత కాగితంలో పడతాయి. జామ్ అయితే చూడకుండా సరిచేస్తాను. చొక్కా అంచు కింద చేయి ఎక్కడికి వెళ్ళాలో చేతికే తెలుసు. ఇవి అమ్ముడుపోవు, నిజమే. పాతబడి ధర పడిపోయేవీ కావు.

ట్రిగ్గర్ గురించి ఒక మాట వేరుగా చెప్పాలి. దాని ధర రసీదులో పూర్తిగా ఉండదు. ఫ్యాక్టరీ ట్రిగ్గర్ బిగువు ఐదారు పౌన్లు. కిట్టు వేస్తే అది తగ్గుతుంది, కాగితం మీద గుంపు కాస్త బిగుస్తుంది. గది పొడవంత దూరంలో ఆ తేడా తేలదు. భయంతో వణికే వేలికి మాత్రం తేలిక ట్రిగ్గర్ తేడా తెలుస్తుంది. ఆత్మరక్షణ కేసుల మీద ఏళ్ళ తరబడి రాసిన మసాద్ అయూబ్ చెప్పేదీ ఇదే. వెంట తిప్పుకునే పిస్టల్ ట్రిగ్గర్‌ని తేలిక చేయకండి, రేపు అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు అని. కాల్పు న్యాయమే అయినా, సివిల్ దావాలో ఆ 160 డాలర్ల కిట్టు గురించి గంటకి 400 తీసుకునే మన లాయరు వివరణ ఇవ్వాల్సి రావొచ్చు. ఒక్క గంట చాలు, లాభమంతా ఆవిరి.

ఇంతకీ మరిది తెలివితక్కువవాడు కాడు, డబ్బు విలువ తెలియనివాడూ కాడు. కాస్ట్‌కోలో సెంట్ల లెక్క చూస్తాడు. మరి ఇక్కడ ఏమైంది? చాన్నాళ్ళు ఆలోచించాను. అతను బిగించిన ప్రతి పార్టూ కంటికి కనపడేది. రెడ్ డాట్ చూపించొచ్చు, బంగారు రంగు బ్యారెల్ చూపించొచ్చు, స్టిప్లింగ్ తడిమి చూడమని ఇవ్వొచ్చు. పెళ్ళి రోజనీ పుట్టినరోజనీ ఎవరింట్లో కలిసినా మగవాళ్ళు గరాజ్‌లోకి వెళ్ళేది ఇందుకే. నా సాధనలో చూపించడానికేముంది? చిల్లులు పడ్డ కాగితం. అసలు వెంట దాచి పెట్టుకునే పిస్టల్ ధర్మమే ఎవరికీ కనపడకపోవడం. దాచుకోవాల్సిన వస్తువు మీద చూపించుకోవడానికి ఖర్చు పెడితే ఆ ఖర్చు ఎప్పటికీ దాని పనికి చేరదు. మనవాళ్ళ ఇళ్ళలో ఈ జబ్బు పిస్టల్‌తో ఆగదు. వంటింటి గట్టుకి క్వార్ట్జ్ వేయిస్తాం, అటక మీద ఇన్సులేషన్ వేయించం. బేస్‌మెంట్ లేని ఊళ్ళో కూడా హోమ్ థియేటర్‌కి గది దొరుకుతుంది, టర్మ్ పాలసీ కాగితాలకి సంతకం చేసే తీరిక దొరకదు. కంటికి కనపడని చోట పెట్టిన డబ్బుకి మెచ్చుకోలు రాదు, మనం ఖర్చు పెట్టేది చాలాసార్లు ఆ మెచ్చుకోలు కోసమే.

అలాగని స్టాక్ అంటే వేదం కాదు. నాకు చత్వారం వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుంటే ముందు సైటు కనిపించి కాగితం మసకబారుతోంది, తీస్తే కాగితం కనిపించి సైటు అలుక్కుపోతోంది. రెడ్ డాట్‌తో ఈ బాధ లేదు, చూపు గురి మీదే ఉంటుంది, చుక్క దాని మీద తేలుతుంది. ఇది ఎవరో పంపిన జాబితాలోంచి వచ్చిన కోరిక కాదు, రేంజిలో నా కన్నే చెప్పిన లోటు. కొనడానికి నేను పెట్టుకున్న నియమం ఒకటే. పార్టు ధర పక్కన దాని బలగం ఖర్చు, మళ్ళీ నమ్మడానికి కాల్చే రౌండ్ల ఖర్చు కలిపి రాయాలి. ఆ మొత్తం ఏడాది సాధన ఖర్చు దాటితే కొనకూడదు.

ప్లేటు అక్కర్లేకుండా నేరుగా కూర్చునే డాట్ 320, పన్ను 26, బిగింపు 25. హోల్‌స్టర్ ముందే డాట్‌కి చోటు వదిలినది తీసుకున్నాను కాబట్టి సున్నా. రౌండ్లు 125. మొత్తం 496. ఏడాది సాధన 540. వచ్చే నెల కొంటున్నాను.