మీట దాకా మరో దారి

మే 18, 2025

కూకట్‌పల్లిలో కూర్చుని తెనాలి లైబ్రరీ సర్వరులోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లడం నాకు అలవాటైన పని. అది నడుస్తున్నంతసేపూ తెనాలి పక్కగదిలో ఉన్నట్టే. ఆగిపోయిన రోజున అసలు దూరం తెలుస్తుంది. కరెంటు వచ్చాక మదర్‌బోర్డు లేవాలి. బయోస్ తన పరీక్షలు ముగించాలి. గ్రబ్ ఒక కెర్నల్‌ను ఎంచుకోవాలి. ఫైల్ సిస్టమ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. నెట్‌వర్క్ కార్డు పలకాలి. ఇవన్నీ అయ్యాకే ఎస్‌ఎస్‌హెచ్. ఈ మెట్లలో ఎక్కడ నిలిచిపోయినా ఇక్కణ్ణుంచి నాకు తెలిసేది ఒక్కటే: జవాబు లేదు. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో చెప్పేది ఆ తెర. దాన్ని చూడాలంటే మనిషి అక్కడుండాలి.

మే 21

రాత్రి గాలివాన. కరెంటు పోయింది, యూపీఎస్ ఖాళీ అయింది. కరెంటు తిరిగొచ్చినా సర్వరు రాలేదు. లైబ్రరీ అటెండరు బాబాయ్ గారికి ఫోన్ చేయక తప్పలేదు. గొడుగేసుకుని వచ్చి, తలుపు తీసి, పవర్ మీట నొక్కి, మానిటరు ముందు నిలబడి చదివారు.

“నల్ల తెర మీద తెల్లక్షరాలున్నాయమ్మాయ్. అడుగున ఎఫ్ పక్కన ఒకటి వేసుంది.”

“ఎఫ్ వన్ మీట ఒక్కసారి నొక్కండి బాబాయ్ గారూ.”

నొక్కారు. యంత్రం లేచింది. బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోవడంతో గడియారమూ సెట్టింగులూ చెరిగిపోయాయి. కరెంటు రాగానే తనంతట తాను లేవాలన్న సెట్టింగు కూడా వాటితోపాటే పోయింది. మనిషి చూశాడని తేలేదాకా కదలకపోవడం బయోస్‌కు ఉండాల్సిన జాగ్రత్తే. కానీ ఆ ఒక్క మీట కోసం అరవై దాటిన మనిషి వానలో నడిచి రావాలా? ఆ యంత్రంలో ఉన్నవి పాత తెలుగు పత్రికల స్కాన్లు. వాటిని చదువుకునేవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు. ఆ భారమంతా రాత్రిపూట ఆయన మోకాళ్ల మీద పడకూడదు.

మే 25

పెద్ద సర్వర్లలో ఈ చిక్కుకు ఎప్పుడో పరిష్కారం దొరికింది. మదర్‌బోర్డు మీద బీఎంసీ అనే ఇంకో చిన్న కంప్యూటరు ఉంటుంది. సర్వరు ఆఫ్‌లో ఉన్నా ప్లగ్గులోంచి వచ్చే స్టాండ్‌బై కరెంటుతో అది మేలుకునే ఉంటుంది. దానికి తన సొంత ప్రాసెసరు, చాలా బోర్డుల్లో తన సొంత నెట్‌వర్క్ పోర్టు. ఫ్యాన్ల వేగం, వేడి, ఓల్టేజీ చూస్తుంది. ఆన్ చేస్తుంది, ఆఫ్ చేస్తుంది. తెరను దూరానికి పంపుతుంది. ఇంటెల్, హెచ్‌పీ, ఎన్‌ఈసీ, డెల్ కలిసి దీనికోసం ఐపీఎంఐ ప్రమాణాన్ని 1998లో తెచ్చాయి. ఇప్పుడు దాని స్థానంలోకి 2015లో వచ్చిన రెడ్‌ఫిష్ చేరుతోంది. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీలో ఐఎల్ఓ అన్న పేర్లు డేటా సెంటర్లలో పనిచేసేవాళ్ల నోట రోజూ నలిగేవే.

తెనాలి యంత్రం మామూలు డెస్క్‌టాప్ బోర్డుతో అసెంబుల్ చేసింది. బీఎంసీ లేదు. కొత్త సర్వరు కొనే స్తోమత లైబ్రరీకి లేదు. కాబట్టి బయటినుంచి తగిలించాలి.

జూన్ 1

పైకేవీఎం అని నిర్ణయించుకున్నాను. కీబోర్డు, వీడియో, మౌస్ మూడింటినీ నెట్‌వర్క్ మీదుగా అందించే పరికరం ఇది. సాఫ్ట్‌వేరు ఓపెన్ సోర్సు. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా కట్టుకోవచ్చు. ఒక రాస్ప్‌బెరీ పై 4, సర్వరు హెచ్‌డీఎంఐ చిత్రాన్ని పట్టుకునే తోషిబా టీసీ358743 చిప్ ఉన్న చిన్న బోర్డు, కొన్ని తీగలు, రెండు రిలేలు. సామాను ఇంతే.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి: సర్వరులో ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించక్కర్లేదు. దాని కంటికి తనకు ఒక మానిటరూ ఒక యూఎస్‌బీ కీబోర్డూ తగిలించారు, అంతే. ఆపరేటింగ్ సిస్టమ్ చచ్చినా, అసలు లేకపోయినా బయోస్ ఆ కీబోర్డు మాట వింటుంది.

జూన్ 7

ఇంట్లో బల్ల మీద, ఒక పాత కంప్యూటరుకు తగిలించి చూస్తున్నాను.

పై 4లో యూఎస్‌బీ-సీ రంధ్రం ఒక్కటే. కరెంటు దాంట్లోంచే రావాలి, ఓటీజీతో కీబోర్డుగా నటించడమూ దాంట్లోంచే. అందుకే వై ఆకారపు కేబులు. ఒక కొమ్మ 5 ఓల్టుల, 3 ఆంపియర్ల అడాప్టరుకు, రెండోది సర్వరుకు. సర్వరు వైపు కొమ్మలో డేటా తీగలు మాత్రమే ఉండాలి. కరెంటు తీగ తెగి ఉండకపోతే రెండు కరెంట్లు ఎదురెదురుగా కలుస్తాయి, సర్వరు ఆపేసినా దాని యూఎస్‌బీలోకి ఇటునుంచి కరెంటు పారుతుంది. కేబులును మల్టీమీటరుతో పరీక్షించాకే తగిలించాను.

హెచ్‌డీఎంఐలో ఈడీఐడీ అనే సమాచారం ఉంటుంది. ఏ రిజల్యూషన్ చూపగలనో మానిటరు కంప్యూటరుకు చెప్పుకునే వివరమది. పై 4లో ఈ చిప్‌కు దొరికే దారి వెడల్పు 1080పీని సెకనుకు 50 ఫ్రేములదాకానే మోయగలదు. కాబట్టి ఈడీఐడీలో అంతే చెప్పాలి. 60 అని ఆశపెడితే సర్వరు 60 పంపుతుంది, నా బ్రౌజరులో ఏమీ కనిపించదు.

జూన్ 8

మెమరీ కార్డు గురించి. పల్లెల్లోనూ చిన్న ఊళ్లలోనూ కరెంటు చెప్పి పోదు. కార్డు మీద రాస్తుండగా పోతే ఫైల్ సిస్టమ్ దెబ్బతింటుంది. పైకేవీఎం తన కార్డును చదవడానికి మాత్రమే తెరుస్తుంది. ఏదైనా మార్చాలంటే ‘ఆర్‌డబ్ల్యూ’ అని కొట్టి రాతకు తెరవాలి, పని కాగానే ‘ఆర్‌ఓ’ అని మూసేయాలి. కాపాడాల్సిన యంత్రం కంటే కాపాడేది గట్టిగా ఉండాలని తెలిసినవాళ్లు కట్టింది ఇది.

జూన్ 15

పవర్ బటన్ లోపల జరిగేది చాలా చిన్న విషయం. మదర్‌బోర్డు మీద రెండు సూదులు ఒక్క క్షణం కలుస్తాయి. కొద్దిగా నొక్కితే ఆపరేటింగ్ సిస్టమ్‌కు కబురు వెళ్తుంది, అది పనులు సర్దుకుని ఆగుతుంది. 4 సెకన్లు నొక్కి పట్టుకుంటే ఎవరినీ అడక్కుండా కరెంటు ఆగుతుంది. ఆ రెండు సూదుల్నీ నా తరఫున కలపడానికి ఒక రిలే, రీసెట్‌కు ఇంకొకటి.

క్యాబినెట్ బటన్ తీగల్ని పీకేయకుండా వాటికి సమాంతరంగా కలుపుతున్నాను. బాబాయ్ గారి చేతికి ఆ మీట ఎప్పట్లాగే పనిచేయాలి.

జూన్ 22

తెనాలి బ్రాడ్‌బ్యాండుకు బయటి ప్రపంచంలో సొంత చిరునామా లేదు. రూటరుకు వచ్చిన ఐపీ 100.64తో మొదలవుతోంది. ఐపీవీ4 చిరునామాలు చాలక, సర్వీసు కంపెనీలు చాలామంది చందాదారుల్ని ఒకే బయటి చిరునామా వెనక ఉంచడానికి 2012లో విడిగా కేటాయించిన వరుస అది. అందులో సుమారు 42 లక్షల చిరునామాలున్నాయి. బయటినుంచి తలుపు తట్టడానికి వీల్లేదు. పోర్టు ఫార్వార్డింగ్ ఎంత పెట్టినా రూటరు దాకా ఏదీ రాదు.

అందుకని లోపలినుంచే బయటికి రావాలి. అద్దెకు తీసుకున్న ఒక చిన్న క్లౌడ్ సర్వరు దగ్గరికి పైకేవీఎం వైర్‌గార్డ్ సొరంగం వేసుకుంటుంది. నేను కూకట్‌పల్లి నుంచి అదే చోటికి వెళ్తాను, ఇద్దరం అక్కడ కలుస్తాం. మధ్యలో ఉన్న రూటర్లు ఈ సంబంధాన్ని మరిచిపోకుండా 25 సెకన్లకోసారి ఒక చిన్న పలకరింపు వెళ్తుంది. వైర్‌గార్డ్ 2020లో లినక్స్ కెర్నల్ 5.6తోపాటే వచ్చేసింది కాబట్టి కొత్తగా నిలబెట్టాల్సింది తక్కువ. కీ లేనివాడికి అది జవాబే ఇవ్వదు. అక్కడ ఒక తలుపుందన్న సంగతి కూడా బయటపెట్టదు.

జూన్ 24

బాగుచేసే దారే తెగిపోతే ఏమవుతుందో రెండు పాత సంగతులు చెబుతాయి. 2021 అక్టోబరు 4. ఫేస్‌బుక్ వెన్నెముక నెట్‌వర్కులో నిర్వహణ కోసం ఇచ్చిన ఒక ఆదేశం డేటా సెంటర్లన్నిటి మధ్యా లంకెల్ని తెంచింది. వాళ్ల డీఎన్‌ఎస్ సర్వర్లకు వెళ్లే దారులు ఇంటర్నెట్ పటంలోంచి మాయమయ్యాయి. దూరంనుంచి సరిచేద్దామంటే అసలు నెట్‌వర్కుతోపాటు అత్యవసర నెట్‌వర్కు కూడా అందలేదు. ఇంజినీర్లను డేటా సెంటర్లకు పంపాల్సి వచ్చింది. అక్కడి భద్రతా ఏర్పాట్లు దాటి యంత్రాల దగ్గరికి చేరడానికే సమయం పట్టింది. సేవలు దాదాపు 6 గంటలు లేవు.

2022 జూలై 8. కెనడాలో రోజర్స్ కంపెనీ ఒక రూటరు అమరికలోంచి వడపోత నియమం తీసేయడంతో దారుల వివరాలు వరదలా కోర్ రూటర్ల మీద పడ్డాయి. కోటీ 20 లక్షలకు పైగా వినియోగదారులకు సేవలు ఆగాయి. మేనేజ్‌మెంట్ నెట్‌వర్కు కూడా ఆ కోర్ మీదే ఆధారపడి ఉంది. సొంత ఉద్యోగులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వేరే కంపెనీల సిమ్ కార్డులు కావాల్సి వచ్చాయి.

తాళంచెవి గదిలో ఉండగా తలుపు పడిపోయినట్టయింది రెండు చోట్లా. అంత పెద్దవాళ్లకు జరిగినదాన్నుంచి ఒక చిన్న లైబ్రరీ నేర్చుకోవాల్సింది ఇదే: పాడైనదాన్ని బాగుచేసే దారి, పాడైనదాని గుండా వెళ్లకూడదు.

జూన్ 25

ఈ లెక్కన పైకేవీఎం అమరికను మళ్లీ చూశాను. కరెంటు: సర్వరు యూపీఎస్ మీద కాకుండా, రూటరు యూపీఎస్ మీద. నెట్‌వర్క్: బ్రాడ్‌బ్యాండ్ పోతే 4జీ డాంగిల్, అదీ వేరే కంపెనీ సిమ్‌తో. సొరంగం: సర్వరులో కాదు, పైకేవీఎంలోనే. ఏ దారిన వచ్చావని వైర్‌గార్డ్ అడగదు, కీ సరిపోతే చాలు. దారి మారినా సంబంధం నిలుస్తుంది.

జూలై 5

ఈ పరికరం గురించి ఇంతసేపూ ఆశతో రాశాను. ఇప్పుడు భయంతో రాయాలి.

తెర చూసి మీట నొక్కగలిగినవాడు యంత్రం ముందు కూర్చున్నవాడితో సమానం. వేరే సీడీ చూపించి బూట్ చేయగలడు. పాస్‌వర్డులు మార్చగలడు. డిస్కు తుడిచేయగలడు. 2013లో భద్రతా పరిశోధకుడు డాన్ ఫార్మర్ ఐపీఎంఐ లోపాలను వరసగా బయటపెట్టాడు. వాటిలో ఒకటి: ఐపీఎంఐ 2.0 ప్రమాణం ప్రకారమే, లాగిన్ పూర్తికాకముందే పాస్‌వర్డు హ్యాష్ అడిగినవాడి చేతికి వెళ్తుంది. 2017లో హెచ్‌పీ ఐఎల్ఓ 4లో బయటపడ్డ లోపం వల్ల, ఒక హెడర్‌లో 29 సార్లు ‘ఎ’ అక్షరం పంపితే చాలు, లాగిన్ దాటిపోవడం కుదిరేది. కాపలా కోసం పెట్టిన తలుపులే ఇవి.

కాబట్టి: ముందే వచ్చే పాస్‌వర్డులు రెండూ మార్చాను. బ్రౌజరుకొకటి, ఎస్‌ఎస్‌హెచ్‌కొకటి ఉంటాయి. ఒకటి మార్చి రెండోది మరిచేవాళ్లు ఎక్కువ. ఫోన్‌లో మారుతూ ఉండే ఆరంకెల కోడ్ కూడా పెట్టాను. వైర్‌గార్డ్ వైపునుంచి తప్ప వెబ్ పేజీ తెరుచుకోదు. లైబ్రరీ కార్యదర్శి గారికి ఈ పరికరం ఏం చేయగలదో, దాంతో నేను ఏమేం చూడగలనో తెలుగులో ఒక పేజీ రాసి, సంతకం తీసుకున్నాను. వాళ్ల యంత్రం మీద నాకు ఇంత అధికారం ఉందని వాళ్లకు తెలిసి ఉండాలి.

జూలై 13, తెనాలి

బిగించాను. ముందు కొత్త సీఆర్2032. తర్వాత కరెంటు రాగానే లేవాలన్న సెట్టింగు. తర్వాత పైకేవీఎం పెట్టె. ప్రతి తీగకూ తెలుగులో చీటీ అంటించాను: ‘తెర’, ‘కీబోర్డు’, ‘మీట’, ‘కరెంటు - పీకొద్దు’.

బాబాయ్ గారు అంతసేపూ పక్కనే ఉన్నారు.

“అయితే ఇంక నన్ను పిలవవన్నమాట.”

“రాత్రిళ్లు పిలవను బాబాయ్ గారూ. పగలు పిలుస్తాను. వైరు ఊడితే నేనేం చేయగలను, మీరే చూడాలి.”

చీటీలన్నీ ఒకసారి చదివారు. “కరెంటు చీటీ ఇంకొంచెం పెద్దచ్చరాలతో రాయమ్మా. ఊడ్చే పిల్ల అద్దాలు పెట్టుకోదు,” అన్నారు. రాశాను. అక్కడే ఉండేవాళ్లకు మాత్రమే తట్టే సంగతి అది.

జూలై 19

సరిగ్గా ఏడాది కిందట, 2024లో ఇదే రోజు, క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేరుకు వచ్చిన ఒక అప్‌డేటుతో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర దగ్గర ఆగిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. మందు తెలిసిందే: సేఫ్ మోడ్‌లో తెరిచి ఒక ఫైలు తీసేయాలి. కానీ నెట్‌వర్క్ దాకా లేవని యంత్రానికి ఆ మందు నెట్‌వర్క్ మీదుగా ఎలా వెళ్తుంది? చాలా చోట్ల ఐటీ పిల్లలు ఒక్కొక్క యంత్రం దగ్గరికి నడిచారు. డిస్కుకు బిట్‌లాకర్ ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ కొట్టారు. తెర దాకా వేరే దారి ఉన్న సర్వర్లను మాత్రం కుర్చీలోంచి కదలకుండా లేపుకున్నారు.

ఆగస్టు 9

అప్‌డేటు తర్వాత తెనాలి యంత్రం రీబూట్‌లో తిరిగి రాలేదు. రాత్రి పదకొండు దాటింది. బ్రౌజరు తెరిచాను. కొత్త కెర్నల్ తన డిస్కు డ్రైవరు దొరక్క మధ్యలో నిలిచిపోయిన వాక్యాలు తెర మీద అలాగే ఉన్నాయి. రీసెట్. గ్రబ్‌లో పాత కెర్నల్. లాగిన్. బూట్ మొదట్లో డ్రైవర్లను అందించే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ కట్టించాను, మరోసారి రీబూట్, ఈసారి కొత్త కెర్నల్‌తోనే లేచింది. స్కాన్లన్నీ భద్రం. పొద్దున బాబాయ్ గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. “నిద్ర పట్టిందా అమ్మా?” అని అడిగారు. పట్టింది. ఆయనకూ పట్టింది. ఇంత శ్రమా దానికోసమే.

ఆగస్టు 17

లైబ్రరీ రిజిస్టరులో చివరి పేజీ నింపి పంపించాను. తీగల బొమ్మ. ఏ యూపీఎస్ మీద ఏముంది. సిమ్ రీచార్జి ఎప్పుడు, ఎవరు చేయాలి. పాస్‌వర్డులు సీలు వేసిన కవర్లో కార్యదర్శి గారి బీరువాలో. పైకేవీఎం పోతే మానిటరు ఎక్కడ తగిలించాలి. నేను లేకపోయినా, ఇంకెవరో తెలుగు చదవగలిగిన పిల్లో పిల్లాడో వచ్చి నడపగలగాలి.

ఒక నియమం కూడా రాశాను: ప్రతి నెలా మొదటి ఆదివారం పగలు, బాబాయ్ గారు లైబ్రరీలో ఉండగా బ్రాడ్‌బ్యాండ్ తీగ పీకేసి, 4జీ మీదుగా సర్వరును ఆపి, మళ్లీ లేపి చూడాలి. ఎన్నడూ వాడని అత్యవసర దారి ఉందో లేదో అవసరం వచ్చిన రాత్రిదాకా తెలియదు. మొదటి పరీక్ష సెప్టెంబరు 7న.