వడ్లు, వాన, వెనక టైరు

ఏప్రిల్, మే నెలల్లో మా కూసుమంచి వైపు వస్తే ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఊళ్ల మధ్య రోడ్డులో సగమే మనది. మిగతా సగం వడ్లది. యాసంగి కోతలు కాగానే తారు మీద బారుగా ఆరబోస్తారు. బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చి పాలేరు రిజర్వాయర్‌లో చేరతాయి కాబట్టి మా దగ్గర వరికి కొదవ లేదు. ఆరబెట్టే జాగాకే కొదవ.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తా. రెండు వారాలకోసారి శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ మూసి, యమహా ఆర్15 తీసి ఇంటికి బయల్దేరతా. సూర్యాపేట దాకా విజయవాడ హైవే, అక్కడ ఖమ్మం వైపు తిరిగితే మళ్లీ నాలుగు వరుసల రోడ్డు. ఇంచుమించు 180 కిలోమీటర్లు. దాదాపు అంతా తిన్నగానే ఉంటుంది. ఈ తిన్నదనమే నా వెనక టైరుని తినేసిందని తర్వాత తెలిసింది.

పోయిన యాసంగిలో ఒక సాయంత్రం నాన్నని వెనక ఎక్కించుకుని మా మేనత్త ఊరి నుంచి వస్తున్నా. మబ్బు పట్టింది. మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒక కుటుంబం మొత్తం రోడ్డు మీదే ఉంది. ఆడా మగా అందరూ టార్పాలిన్ పట్టాలు లాగుతూ వడ్ల మీద కప్పుతున్నారు. అప్పుడే మొదటి చినుకులు. పెద్ద స్పీడేం లేదు, నలభై ఉంటుందేమో. బ్రేక్ వేశా. ఏబీఎస్ కాలి కింద టకటకా కొట్టుకుంది గానీ బండి ఆగలేదు. వెనక చక్రం పక్కకి జారిపోయింది. తడిసిన వడ్లు, దుమ్ము, వాటి మీద వాన. సబ్బు మీద కాలేసినట్టే.

పెద్ద దెబ్బలేం తగల్లేదు. నాన్నకి మోచెయ్యి గీసుకుపోయింది. నాకు మోకాలు. వాళ్లు వడ్లు వదిలేసి పరిగెత్తుకొచ్చి మమ్మల్ని లేపారు. ఆ ఐదు నిమిషాల్లో వాళ్లకి రెండు బస్తాలైనా తడిసుంటాయి. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. చొక్కా దులుపుకుని, వాళ్లతో కలిసి పట్టా కొస పట్టుకుని కప్పడం మొదలెట్టాడు. మళ్లీ వారం ఖమ్మం ఆస్పత్రికి తీసుకెళ్తా రమ్మంటే మాత్రం "బస్సుకి పోతాలేరా" అన్నాడు. మూడుసార్లు అడిగా. మూడుసార్లూ బస్సే.

అప్పుడు కూర్చుని వెనక టైరు చూశా. 19 వేల కిలోమీటర్లు తిరిగింది. మధ్యలో చపాతీలా చదునైపోయింది, అంచులు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. హైవే మీద ఎప్పుడూ నిలువునా నడిపితే ఇంతే. గాడుల్లోపల చిన్న చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. పక్కన టీడబ్ల్యూఐ అని గుర్తు ఉంటుంది. టైరు అరిగి ఆ గట్ల మట్టానికి వచ్చిందంటే పని అయిపోయినట్టే. నాది ఎప్పుడో వచ్చేసింది. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, నెలల తరబడి ఆ గట్లు చూడకుండా చైన్‌కి ల్యూబ్ కొడుతూ కూర్చున్నా.

ఇక కొత్త టైర్ల వేట. మా ఆఫీసులో ఏ నిర్ణయానికైనా ఎక్సెల్ షీట్ ఉండాలి కదా, నేనూ ఒకటి చేశా. ఎంఆర్‌ఎఫ్, మిషెలిన్, అపోలో, సియట్ అని అడ్డ వరసలు. ధర, పట్టు, మన్నిక అని నిలువు వరసలు. రాత్రి రెండింటి దాకా వీడియోలు చూశా. అన్నిట్లోనూ ఎవరో ఒకరు రేస్ ట్రాక్ మీద మోకాలు నేలకి ఆనించి తిప్పుతున్నారు. మెత్తటి రబ్బరు తీసుకో, అతుక్కుపోతుంది అంటారు. ఒక ఫ్రెండైతే వెనక 150 వేయించు, లుక్ అదిరిపోద్ది అన్నాడు.

ఆ షీట్ పట్టుకుని మా ఊరి పంచర్ షాపు బాబాయ్ దగ్గరికి వెళ్లా. టైర్లు ఆయన అమ్మడు, పంచర్లే వేస్తాడు. ఫోన్‌లో షీట్ చూపిస్తే చూడలేదు గానీ అడిగాడు.

"ఇది ఏడ తిప్పుతావు అల్లుడా?"

"హైవే మీద, ఇక్కడ ఊళ్లల్లో."

"ఎనక ఎవరు కూసుంటారు?"

"నాన్న... కూర్చునేవాడు."

"మరి ఆ మోకాలు ఆనించేటోడి టైరు నీకెందుకు?"

అక్కడే నా షీట్ సగం కొట్టుకుపోయింది. మెత్తటి రబ్బరు వేడెక్కితే బాగా పట్టుకుంటుంది, నిజమే. కానీ హైవే మీద తొందరగా అరుగుతుంది. అరిగి పల్చబడ్డాక పొలం దారిలో సర్కారు తుమ్మ ముల్లు దిగడం ఇంకా తేలిక. బాబాయ్ బల్ల మీద గ్లాసు నిండా టైర్లలోంచి పీకిన ముళ్లూ మేకులూ ఉన్నాయి. నాకు కావాల్సింది తడిలో పట్టు. దానికి నీళ్లని పక్కకి తోసే గాడులు బాగా ఉండాలి, రబ్బరులో సిలికా పాలు ఎక్కువుండాలి. రేసు బళ్ల టైరు నున్నగా ఉండేది పొడి ట్రాక్ కోసం. ఒక్కో టైరు నేలకి ఆనేది మన అరచేయంత జాగాలోనే. ఆ అరచేయి కింద నీటి పొర నిలిచిందా, ఏ ఏబీఎస్సూ కాపాడదు.

సైజు సంగతి కొంచెం ఓపిగ్గా చెప్తా, ఎందుకంటే అందరూ ఇక్కడే డబ్బులు పోగొట్టుకుంటారు. నా బండి వెనక 140/70 ఆర్17. అంటే వెడల్పు 140 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 70 శాతం, అంటే 98. ఆర్ అంటే రేడియల్, 17 అంగుళాల రిమ్ముకి. అదే 150/60 వేస్తే ఎత్తు 90కి పడిపోతుంది. బండి వెనక 8 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. మా ఊరి స్పీడ్ బ్రేకర్లు తెలిసినవాళ్లకి ఆ 8 విలువ తెలుసు. పైగా 140 కోసం చేసిన రిమ్ములో 150 ఇరికిస్తే టైరు పక్కల నుంచి నొక్కుకుపోయి మధ్యలో మొనదేలుతుంది. నేలకి ఆనే జాగా పెరుగుతుందనుకుంటే తగ్గుతుంది. లుక్ మాత్రం అదురుతుంది, ఒప్పుకుంటా.

సైజు తర్వాత 66హెచ్ అని ఉంటుంది. 66 అంటే ఆ టైరు 300 కిలోలు మోస్తుంది. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. ముందు టైరుకి 52పీ, అంటే 200 కిలోలు, 150 కిలోమీటర్లు. 270 దాకా తట్టుకునే డబ్ల్యూ అక్షరానికి డబ్బు పోయడం 155 సీసీ బండికి అనవసరం. కంపెనీ ఇచ్చిన దానికంటే తక్కువ అక్షరం మాత్రం తీసుకోవద్దు.

ఖమ్మంలో ఒక షాపులో వెయ్యి తగ్గిస్తామన్నారు. ఎందుకా అని టైరు పక్క గోడ తిప్పి చూశా. డాట్ అని మొదలయ్యే వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 0921 అని ఉంది. 2021లో తొమ్మిదో వారం తయారీ. నాలుగేళ్లు అటక మీద గట్టిపడ్డ రబ్బరు. దండం పెట్టి బయటికొచ్చా. ఇంకో షాపులో అదే ఏడాది సరుకు దొరికింది. కంపెనీ పేరు చెప్పను, ప్రకటన అయిపోద్ది. అసలు సైజు, గాడులు బాగా ఉన్న టూరింగ్ రకం. ముందుదీ వెనకదీ కలిపి ఎనిమిది వేల చిల్లర. మెషీన్ మీద ఎక్కించి, బ్యాలెన్సింగ్ చేసి, పక్క గోడ మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందని నాకు చూపించాడు. ఇనప రాడ్లు పెట్టి లాగించుకుంటే అల్లాయ్ గీసుకుపోతుంది, అది మాత్రం చెయ్యొద్దు.

ఇంటికొచ్చాక అమ్మ రెండు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టింది. కొత్త టైరు పైపొర ఎలాగూ నున్నగా ఉంటుంది, మొదటి 150 కిలోమీటర్లు గట్టిగా వంచకూడదు, సడెన్ బ్రేక్ వేయకూడదు. దానికి తోడు నిమ్మరసం. అమ్మకి ఈ సైన్సు చెప్పే ధైర్యం నాకు లేదు. తొక్కించి, నెమ్మదిగా గణపేశ్వరాలయం దాకా వెళ్లొచ్చా. కాకతీయుల నాటి రాతి గుడి, లోపల నిలువెత్తు శివలింగం. ఇన్నేళ్లలో బండి మీద ఊరు చూస్తూ అంత నిదానంగా వెళ్లింది అదే మొదటిసారి. తర్వాత పాలేరు గట్టు, కూసుమంచి సెంటర్, మళ్లీ పాలేరు. అలా రెండు రోజులు తిరిగి కిలోమీటర్లు పూర్తి చేశా.

నాన్న వరండాలో కూర్చుని అంతా చూస్తూనే ఉన్నాడు. మూడో రోజు లేచొచ్చి టైరుని బొటనవేలితో నొక్కి చూశాడు, ఎద్దుని కొనేటప్పుడు చూసినట్టు.

"భద్రాచలం దాకా పోతదా ఇది?"

"పోతది నాన్నా."

జులైలో బయల్దేరాం. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ. కొత్తగూడెం దగ్గర రోడ్డు పక్కన బొగ్గు పొడి, వాన పడితే నల్లటి బురద. పాల్వంచ దాటాక అడవి దగ్గరికొచ్చింది, దాంతోపాటు వానా వచ్చింది. సారపాక కాగితం మిల్లుకి జామాయిల్ కర్ర వేసుకుపోయే లారీలు, వాటి వెనకాల రోడ్డు మీద తడిసిన బెరడు ముక్కలు. ఒక లారీ ముందు సడెన్‌గా ఆగింది. నా గుండె ఆ వడ్ల మలుపు దగ్గరికి వెళ్లిపోయింది. ముందూ వెనకా కలిపి మెల్లగా బ్రేక్ వేశా. బండి గీత గీసినట్టు తిన్నగా నిలబడింది. నా భుజం మీద నాన్న చెయ్యి బిగిసింది, వదిలింది.

"టీ తాగుదాం, ఆపు" అన్నాడు.

బ్రిడ్జి మీద గోదావరి ఎర్రగా పారుతోంది. దర్శనం అయింది. తిరుగు ప్రయాణంలో నాన్న నేరుగా బస్టాండుకి నడిచాడు. నా మొహం చూసి తనే చెప్పాడు.

"టైర్లు బానే ఉన్నయిరా. ఆ సీటే, మనుషులు కూసునేది కాదు."