పెట్టెలోని బీమాపత్రము

గతమాసమున మా యూరి బీమా ఏజెంట్ల సంఘమువారు గ్రంథాలయమునందు సభ జరుపుచు, ఈ పర్యాయము గృహిణులనుగూడ రమ్మనిరి. తమ సరకు పొగడుకొనుటకే పిలిచిరని తలచుచునే మేమును బోయితిమి. కాని వారు క్రొత్త పాలసీల మాట యెత్తక, "మీ యింటనున్న పత్రమున నామినీ యెవరో మీరెఱుగుదురా?" యని యడిగిరి. సభలో నొక్కరును బలుకలేదు.

నామినీ ముందుగా గతించి, మఱియొకరి పేరు వ్రాయింపనిచో, సొమ్ము వారసులకే చెందునుగాని, ధ్రువపత్రమునకై న్యాయస్థానము చుట్టు తిరుగవలసి రావచ్చునట. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టముక్రింద భార్యాబిడ్డల నిమిత్తమై తీసిన పాలసీ సొమ్మును భర్తకు అప్పిచ్చినవారు సాధారణముగా ముట్టజాలరనియు, ఆ మాట పాలసీ తీయునప్పుడే వ్రాయింపవలెననియు జెప్పిరి.

ఇంటికి వచ్చి పెట్టె తెరచితిమి. వివాహమునకు బూర్వము మావారు తీసిన పత్రమున మా యత్తగారి పేరే యున్నది. ఆమె స్వర్గస్థురాలై ఆఱేండ్లయినది. మావారికి జూపగా, కొంతసేపు తల్లి పేరునే చూచుచు గూర్చుండిరి. మఱునాడు బడికి సెలవుపెట్టి పోయి మార్పించి వచ్చిరి.

సోదరీమణులారా! భర్త ఆయువునుగూర్చి యట్టి తలపే యమంగళమని మనమా పెట్టె తెరువము. పసుపుకుంకుమలు కోరుకొనుచునే పత్రమునుగూడ జదువవచ్చును. నేడే యొకమాఱు చదువుడు.