అచ్చుకెక్కిన బుల్లిరైలు

పిల్లలూ! కరీంనగరం నుంచి ఆదిలాబాదుకు రైలులో పోవాలంటే ఏ దారిన పోవాలో చెప్పగలరా? బస్సు అయితే చిక్కు లేదు, నిర్మల్ మీదుగా ఉత్తరానికి పోవచ్చు. రైలు సంగతి అలా కాదు. ఒకసారి పటం తీసి ముందు పెట్టుకోండి.

కరీంనగరం నుంచి బయలుదేరితే పెద్దపల్లి వస్తుంది. అక్కడ కాజీపేట–బల్హార్షా లైను కలుస్తుంది. ఆ లైను 1929లో పూర్తయిన తరువాతనే మద్రాసుకూ ఢిల్లీకీ సూటిగా రైలుదారి ఏర్పడింది. రామగుండం దాటి గోదావరి వంతెన ఎక్కితే అవతల మంచిర్యాల. 2016లో జిల్లాలను విడదీయక ముందు ఈ ఒడ్డు కరీంనగరం జిల్లా, ఆ ఒడ్డు ఆదిలాబాదు జిల్లా. ఇంకా పైకి పోతే కాగజ్‌నగరం, బల్హార్షా, చంద్రపూర్, మాజ్రీ. మాజ్రీ దగ్గర పక్కకు మళ్ళి, వణీ మీదుగా కిందికి దిగితే ఆదిలాబాదు చేరతాము.

రెండవ దారి పడమటి వైపుది. కరీంనగరం నుంచి నిజామాబాదు, అక్కడ మళ్ళీ గోదావరి దాటి బాసర, ఆపైన ముద్ఖేడ్, కిన్వట్, ఆదిలాబాదు. చూశారా తమాషా! ఎటు పోయినా మహారాష్ట్రలో అడుగుపెట్టి రావలసిందే.

ఈ రెండు దారులనూ కలిపి పెన్సిలుతో గీయండి. పెద్ద గుండ్రం వస్తుంది, మీరు ఇంట్లో నేలమీద పరిచే బొమ్మరైలు పట్టాల మాదిరిగానే. నిజామాబాదు దాకా పట్టాలు 2017లో పూర్తి కావటంతో ఈ చుట్టు ఇలా కలిసింది. రామగుండంలో ఇంతకన్న చిన్న చుట్టు ఒకటున్నది. సింగరేణి గనుల వద్ద బొగ్గు నింపుకున్న బండి విద్యుత్కేంద్రానికి వస్తుంది. మెల్లగా నడుస్తూనే పెట్టెల అడుగుతలుపులు తెరిచి బొగ్గును జారవిడుస్తుంది. మళ్ళీ గనికి పోతుంది. ఈ పద్ధతికి ‘మెర్రీ గో రౌండ్’ అని పేరు. రంగులరాట్నం అన్నమాట!

ఇప్పుడు మీలో ఒకరికి ఈ చుట్టును బల్లమీద కట్టాలని బుద్ధి పుట్టిందనుకుందాం. నవ్వకండి. ఇటువంటి పని పెద్దలు కూడా ఏళ్ళ తరబడి చేస్తారు. పుణెలో జోషీగారి బుల్లిరైళ్ళ ప్రదర్శనశాల 1998 నుంచి నడుస్తున్నది. ఈ పనివారి కోసం పత్రికలే ఉన్నాయి. ఆల్ కాల్మ్‌బాక్ అనే ఆయన 1934 జనవరిలో అమెరికాలోని మిల్వాకీ నగరంలో ‘మోడల్ రైల్‌రోడర్’ మాసపత్రికను ప్రారంభించాడు. ఇంగ్లండులో 1949లో ‘రైల్వే మోడలర్’ వచ్చింది. వీటిలో ఎక్కువ పుటలు నింపేది పాఠకులే. ఎవరి రైలును వారు వర్ణించి, పటాలు గీసి, ఫోటోలు తీసి పంపుతారు.

అయితే, ‘నా రైలు బహు చక్కగా ఉన్నది’ అని రాస్తే ఏ సంపాదకుడూ అచ్చు వేయడు. చదివినవాడు దాన్ని చూసి తానూ కట్టగలగాలి. అందుకు కొలతలు కావాలి.

చాలామంది వాడే కొలత 87కు 1. అంటే అసలు వస్తువు 87 సెంటీమీటర్లుంటే నమూనా 1 సెంటీమీటరు. 174 సెంటీమీటర్ల మనిషి 2 సెంటీమీటర్లవుతాడు. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య ఎడం 1676 మిల్లీమీటర్లు. 87తో భాగించండి. 19 మిల్లీమీటర్లు దాటుతుంది. కాని అంగట్లో ఈ కొలతకు దొరికే పట్టా 16.5 మిల్లీమీటర్లది! ఎందుకంటే అది 1435 మిల్లీమీటర్ల విదేశీ పట్టాకు తగ్గట్టు చేసినది. మన ఇంజనును దాని మీద నడిపితే నడపండి గాని, ఆ మాట వ్యాసంలో చెప్పండి. ఇక 1 కిలోమీటరు దారి 11.5 మీటర్ల పొడవవుతుంది. మీ ఇంట్లో అంత గది ఉన్నదా? అందుచేత ఏ స్టేషను ఉంచాలో, ఏది వదలాలో కట్టేవాడే తేల్చుకోవాలి. లెక్కల మాస్టరుగా చెబుతున్నాను, ఈ పనిలో భాగహారం కంటె వదలటమే కష్టం.

ఇంత కష్టపడి అచ్చు వేయించటం దేనికని మీ అమ్మగారు అడగవచ్చు. జాన్ ఆలెన్ కథ వినిపించండి. ఈయన కాలిఫోర్నియాలో మాంటెరే పట్టణంలో ఉండేవాడు. ఫోటోలు తీయటంలో దిట్ట. కొండలూ లోయలూ వంతెనలతో తన ఊహలో పుట్టిన రైలు మార్గాన్ని ఇంట్లో కట్టాడు. ఇంజనుకు బదులు పెట్టెలు లాగటానికి ఎమ్మా అనే స్టెగోసారస్‌ను కూడా పెట్టాడు! కెమెరాను బుల్లిమనిషి కంటి ఎత్తుకు దించి ఫోటోలు తీసేవాడు. అందువల్ల అవి నిజం కొండల్లాగే కనిపించేవి. 1973 జనవరిలో ఆయన చనిపోయాడు. పది రోజులకు ఆ ఇంట్లో నిప్పంటుకొని, ఆ రైలు మార్గం చాలా భాగం కాలిపోయింది. అయినా ఆయన రాసిన వ్యాసాలూ ఫోటోలూ పత్రికల్లో ఉన్నాయి. వాటితో లిన్ వెస్ట్‌కాట్ అనే సంపాదకుడు కూర్చిన పుస్తకం 1981లో వెలువడింది. ఇవాళా జనం దాన్ని చూసి కొండలు కడుతున్నారు.

కాలిపోయేవి బొమ్మలే కావు. అసలు రైళ్ళూ మాయమవుతాయి. ముద్ఖేడ్ నుంచి ఆదిలాబాదుకు ఒకప్పుడు మీటరుగేజి బండి నడిచేది. దాని పట్టాల ఎడం సరిగ్గా 1000 మిల్లీమీటర్లు. ఈ శతాబ్దం తొలి ఏళ్ళలో ఆ లైనును బ్రాడ్‌గేజిగా మార్చారు. ఆ చిన్నబండి ఎక్కినవారు ఆదిలాబాదులో ఇంకా ఉన్నారు. పెట్టెలో బల్లలు ఎటువైపు ఉండేవి, కిటికీకి ఊచలుండేవా, ఏ రంగు వేసేవారు – తాతగారినీ అమ్మమ్మగారినీ అడిగి రాసుకోండి. పాత ఫోటో ఉంటే ఇంకా మంచిది.

ఇప్పుడున్న స్టేషన్లను కూడా కొలవండి. పట్టాల మీదికి మాత్రం దిగవద్దు! పెద్దవారిని వెంటబెట్టుకొని, స్టేషను మాస్టరుగారి అనుమతి అడిగి, ప్లాట్‌ఫారం మీది బల్లనూ, ఊరి పేరు రాసిన పలకనూ టేపుతో కొలవండి. తేదీ వేయండి.

ఇక మొదట గీసిన గుండ్రాన్ని మళ్ళీ చూడండి. దాని లోపల ఉన్నది నిర్మల్. తేలికైన పొనికి కర్రతో పళ్ళూ పిట్టలూ జంతువులూ చెక్కే పనివారి ఊరు. బుల్లిపెట్టెలు చెక్కటానికి ఇంతకన్న తగిన ఊరు లేదు, కాని ఆ ఊరికి రైలే లేదు! మీ బల్లమీద నిర్మల్‌కు ఒక లైను వేయదలుచుకుంటే వేయండి. పటంలో దాన్ని చుక్కల గీతతో గీసి, పక్కన ‘ఊహ’ అని రాయండి.